మోకాల్లో మసి

(హైదరాబాద్‌లో ఒక ఇల్లు. ఆదివారం, భోజనాలయ్యాయి. బాబాయ్ ఎముకల డాక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. ఆయన అన్నగారమ్మాయి శైలజ కార్బన్ ఫైబర్ మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఆ పోగు పైపొరను మార్చి, దాని మీద ఎముక కణాలను పెంచడం ఆమె పని. ఆమె బ్యాగులోంచి తీసి బల్ల మీద పెట్టిన నల్లటి పోగుల కట్ట దగ్గర మొదలైంది వాదం.)

శైలజ: ముట్టుకుని చూడు బాబాయ్, పట్టులా లేదూ? ఒక్కో పోగు దాదాపు 7 మైక్రాన్లు. ఇంచుమించు ఎర్ర రక్తకణమంత.

బాబాయ్: (కట్టను వేళ్ల మధ్య నలుపుతూ) దీని గొప్పతనం నాకు తెలియనిది కాదు తల్లీ. అగ్ని క్షిపణి కోసం చేసిన కార్బన్ ముక్కను మన నిమ్స్ ఎముకల డాక్టరొకాయన చేత్తో ఎత్తి చూసి, కలాం గారిని వార్డుకి తీసుకెళ్లాడు. అక్కడ పిల్లలు మూడేసి కిలోల కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. కొద్ది వారాల్లో 300 గ్రాములవి చేసిచ్చారు. కలాం గారు ఎన్ని సభల్లో చెప్పారో ఆ సంగతి. కానీ అది కాలికి బయట కట్టుకునేది. నువ్వు ఒంట్లో పెడతానంటున్నావు.

శైలజ: ఒంట్లో మాత్రం కొత్తా? 1960ల చివరి నుంచి గుండె కవాటాలకు పైరోలిటిక్ కార్బన్ వాడుతూనే ఉన్నారుగా. అణు ఇంధనం గుళికలకు పూతగా పుట్టిన పదార్థం అది. గుండె ఒప్పుకుంది.

బాబాయ్: రక్తం గడ్డకట్టకుండా రోజూ మాత్ర వేసుకుంటే ఒప్పుకుంది. అయినా కవాటం మీద ఏదీ అతుక్కోకూడదు. నీ పోగు మీద కణాలు అతుక్కోవాలి. రెండూ కార్బనే కదా అని ఒకే గాటన కట్టేస్తే ఎలా?

శైలజ: నేననేదీ అదే బాబాయ్! కార్బన్ అన్న పేరు చూసి లాభం లేదు, పైపొర ఏంటో చూడాలి. ఈ కట్ట ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు దీని మీద సన్నటి ఎపాక్సీ పూత ఉంటుంది. సైజింగ్ అంటారు. నేతపనిలో పడుగుకి గంజి పెడతారు చూడు, అలాంటిదే. పోగులు చెదరకుండా, తర్వాత పోసే రెజిన్ జిగురుకి పట్టేలా. ముందు ఆ గంజిని అసిటోన్‌తో కడిగేయాలి, లేదా కాల్చేయాలి. అప్పుడు అసలు పోగు బయటపడుతుంది. ఆ పోగులతో నేసిన గుడ్డ మీద నీటి బొట్టు వేస్తే చేమాకు మీద పడ్డట్టు గుండ్రంగా నిలబడుతుంది. అదే గుడ్డను ఆక్సిజన్ ప్లాస్మాలో, అంటే కరెంటుతో రగిలించిన ఆక్సిజన్ వాయువులో, కొన్ని నిమిషాలు ఉంచి మళ్లీ వెయ్యి, బొట్టు ఉండదు. ఇంకిపోతుంది. మొదటిసారి చూసినప్పుడు నమ్మకం కుదరక సిరంజి పట్టుకుని వేస్తూనే ఉన్నాను.

బాబాయ్: నీళ్లు ఇంకితే ఎముక పెరుగుతుందా?

శైలజ: వెంటనే ఆ మాట అనను. ఏ వస్తువు లోపల పెట్టినా సెకన్లలో ప్రోటీన్లు దాని మీద పరుచుకుంటాయి. కణం వచ్చేసరికి దానికి తగిలేది కార్బన్ కాదు, ఆ ప్రోటీన్ల చాప. నీటికి గిట్టని పైపొర అయితే ఫైబ్రోనెక్టిన్ లాంటివి ఆకారం చెడిపోయి పడుకుంటాయి. కణం పట్టుకోవాల్సిన కొక్కేలు దొరకవు. ప్లాస్మాతో కార్బాక్సిల్, హైడ్రాక్సిల్ లాంటి ఆక్సిజన్ గుంపులు పైకి వస్తాయి. అప్పుడు కణాలు పోగు వెంబడే సాగి పాకుతాయి, పందిరి మీద బీర తీగలా.

బాబాయ్: ఆ గుంపులు ఎన్నాళ్లుంటాయేం?

శైలజ: ప్లాస్మా మహిమ గాలి తగులుతూ నిలవుంటే తగ్గిపోతుంది, దాచను. నైట్రిక్ యాసిడ్‌లో మరిగిస్తే ఆక్సిజన్ గట్టిగానే ఎక్కుతుంది గానీ, ఎక్కువైతే పోగు మీద గుంటలు పడి బలం పోతుంది. కరెంటు పెట్టి ద్రావణంలోంచి పోగును లాగే పద్ధతి మధ్యస్థంగా ఉంటుంది. ఫ్యాక్టరీల్లో చేసేది అదే.

బాబాయ్: సరే, నేను చూసింది చెప్తా విను. 1977లో వేల్స్‌లో జెంకిన్స్, ఆయన సహచరులు ఒక పేపరు వేశారు. కార్బన్ పోగు పెడితే దాని చుట్టూ కొత్త లిగమెంట్, అదే కీలు దగ్గర ఎముకల్ని కలిపి పట్టి ఉంచే పట్టీ, పెరుగుతుందని. అందరం ఎగిరి గంతేశాం. ఎనభైల్లో నేను ఇంగ్లండులో ట్రైనింగ్‌లో ఉండగా ఒక కుర్రాడొచ్చాడు. అంతకు రెండేళ్ల ముందు ఇంకెక్కడో కార్బన్ లిగమెంట్ వేశారు. మోకాలు కొబ్బరికాయలా వాచింది. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మా సీనియర్ స్కోపు పెట్టాడు. మోకాలి లోపలి పొర లేత గులాబీ రంగులో తడిగా మెరుస్తూ ఉండాలి. ఆ అబ్బాయిది కట్టెల పొయ్యి వెనక గోడలా ఉంది. సెలైన్‌తో కడుగుతుంటే నల్లనీళ్లు వస్తూనే ఉన్నాయి. లిగమెంట్ ఉండాల్సిన చోట పీచులు తేలిన తెగిన తాడు. ఆ మసి లింఫ్ గ్రంథుల దాకా పోయిన కేసులూ తర్వాత పేపర్లలో చదివాను.

శైలజ: ఆ మసి విషమా?

బాబాయ్: కాదు. కణాలు దాన్ని మింగి కూర్చుంటాయి. కానీ లిగమెంట్ తెగింది కదమ్మా!

శైలజ: అందుకే న్యూజెర్సీలో పోగులకి పాలీలాక్టిక్ యాసిడ్ పూత పూశారు. మొదట్లో పోగులు నలగకుండా అది కాపాడుతుంది, తర్వాత మెల్లగా కరిగిపోతుంది.

బాబాయ్: కరిగాక మిగిలేది ఏంటి? మళ్లీ అదే పోగు. ఒకటిన్నర శాతం సాగితే పుటుక్కుమంటుంది. మన లిగమెంట్ తెగే లోపు పది శాతం పైనే సాగుతుంది. నిటారుగా లాగితే నీ పోగు రాజే. కానీ ఎముకలో మేం వేసిన కన్నం అంచు మీద, అడుగు వేసినప్పుడల్లా వంగి లేవాలి. పైపొర ఎంత మార్చినా లోపలి పెళుసుదనం ఎలా మారుస్తావు?

శైలజ: (కాసేపు మాట్లాడదు) సరే, మోకాలు వదిలేస్తా. వంగే చోట కార్బన్ పెట్టమనను. వంగని చోటికి రా. వెన్నుపూసల మధ్య దన్నుగా పెట్టే కేజ్‌లు, కార్బన్ కలిపిన పీక్ అనే ప్లాస్టిక్‌తో చేసినవి, 1990ల నుంచీ ఉన్నాయి. టైటానియం ఎముక కన్నా చాలా బిరుసు, బిరుసు కొలతలో 110 గిగాపాస్కల్స్ దాకా. పీక్‌లో కార్బన్ పాలు సరిచూసుకుంటే ఎముక దగ్గరికి, 18 అటూ ఇటూకి తేవచ్చు. పైగా ఎక్స్‌రేకి అడ్డు రాదు. ట్యూమర్ తీసేసిన చోట పెడితే, తర్వాత రేడియేషన్ ఇచ్చేవాళ్లకి వెనక ఏముందో స్పష్టంగా కనబడుతుంది.

బాబాయ్: ఆ ఎక్స్‌రేకి కనబడకపోవడమే ఆ కుర్రాడి విషయంలో మమ్మల్ని ముంచింది. సరే, అది వదిలెయ్. పీక్‌కి ఎముక అతుక్కోదు, మధ్యలో మెత్తటి పొర కడుతుంది. దాని మీద ఎముకలో ఉండే ఖనిజం లాంటి హైడ్రాక్సీఅపటైట్ పూత వేస్తామంటారు. మేం కేజ్‌ని ఎలా దించుతామో చూశావా? సుత్తి పెట్టి కొడతాం. పూత రాలకుండా ఉంటుందా?

శైలజ: రాలుతుంది. అందుకే నేను పూత అనడం లేదు బాబాయ్, పైపొర మార్చడం అంటున్నా. గోడకి సున్నం వేస్తే పెచ్చులూడుతుంది. రాయినే గరుకు చేస్తే ఊడడానికి ఏముంది?

బాబాయ్: ఈ మాట బాగుంది. ఒప్పుకున్నా. కానీ అప్పుడు కూడా అది కణజాలాన్ని పెంచడం కాదు, స్తంభం పాతడం. ఇల్లు లేచాక పరంజా విప్పేస్తారు. నీ కార్బన్ ఎప్పటికీ కరగదు.

శైలజ: అన్నిచోట్లా విప్పక్కర్లేదు. స్పెయిన్‌లో టొలెడోలో పక్షవాతం రోగుల ఆసుపత్రి ఉంది. అక్కడివాళ్లు కార్బన్ పోగులకి పెడాట్ అనే కరెంటు పారే పాలిమర్ పూసి, దాని మీద కణాలకి నచ్చే అణువులు అతికించి, దెబ్బతిన్న వెన్నుపాములో పెట్టి చూస్తున్నారు. నరాల పీచులు దారి తప్పకుండా పోగు వెంట నడవాలని. అక్కడ పోగు ఉండిపోవడమే మంచిది, దాని ద్వారా తర్వాత కరెంటు ఇవ్వొచ్చు.

బాబాయ్: ఎవరి వెన్నుపాములో?

శైలజ: ...ఎలుకల్లో.

బాబాయ్: ఎలుకల్లో. మరి నీ సొంత పోగులు?

శైలజ: కొకుబో ద్రావణంలో ముంచాను. ఉప్పుల్ని ఇంచుమించు మన రక్తరసంలో ఉన్న పాళ్లలో కలిపి చేస్తాం. వారానికి తెల్లగా అపటైట్ కట్టింది, కాలీఫ్లవర్ పువ్వుల్లా. ఫొటో చూపిస్తా ఉండు.

బాబాయ్: ఒంట్లో పనికిరాని వాటి మీద కూడా ఆ ద్రావణంలో అపటైట్ కట్టొచ్చు. ఒంట్లో చక్కగా పనిచేసే వాటి మీద కట్టకపోవచ్చు. ఆ గొడవ మీ వాళ్లే పేపర్లలో రాశారుగా? అది రక్తం కాదమ్మా, ఉప్పునీళ్లు. ప్రోటీన్లే సంగతి తేలుస్తాయని అరగంట క్రితం నువ్వే అన్నావు. అందులో ప్రోటీన్ ఏది?

శైలజ: లేదు. (నోట్‌బుక్ తీస్తుంది) ఏం చూపిస్తే ఒప్పుకుంటావో చెప్పు, రాసుకుంటా.

బాబాయ్: ముందు ప్రోటీన్లున్న సీరంలో అదే ప్రయోగం. తర్వాత కుందేలు తొడ ఎముకలో. మూణ్నెల్లకి కోసి, ఎముక పెరిగిందని ఫొటో వేసెయ్యకు. రెండేళ్లు ఉంచు. విరిగిన ముక్క ఎక్కడికి పోయిందో వెతుకు, గజ్జల్లో లింఫ్ గ్రంథులు కోసి చూడు. పూత వేసినవి, పైపొర మార్చినవి, ఏమీ చెయ్యనివి, మూడూ పక్కపక్కన పెట్టు. ఏవి తక్కువ రాలాయో చెప్పు, చాలు.

శైలజ: రెండేళ్లంటే నా ఫెలోషిప్ అయిపోతుంది బాబాయ్.

బాబాయ్: ఆ మాట మీ గైడ్‌తో చెప్పు. అబ్బా! (బొటనవేలు నొక్కుకుంటూ) ఏదో గుచ్చుకుంది. కనబడి చావట్లేదు, నా కళ్లజోడేదీ?

శైలజ: కళ్లజోడుతో పని కాదు, 7 మైక్రాన్లు. టార్చి వేస్తాను, వేలు వంకరగా పెట్టు. అదిగో, మెరిసింది. నలపకు, విరుగుతుంది. పిన్నీ, ప్లాస్టర్ టేపు ఉందా?