ట్యూబు పెట్టడం నిమిషాల పని, తీసే సంగతి ఎవరు చూస్తారు?

నోటితో తినలేని పేషెంటుకు ఆహారం నేరుగా కడుపులోకి పంపే ట్యూబు పెట్టాలన్న నిర్ణయం చాలాసార్లు ఎవరూ కూర్చుని తీసుకునేది కాదు, దానంతటదే జరిగిపోతుంది. మింగలేకపోతున్నారు, నీళ్లు తాగినా పొలమారుతోంది, డిశ్చార్జి దగ్గర పడింది, కాబట్టి ట్యూబు. ఇంట్లోవాళ్లు ఫారం మీద సంతకం పెడతారు, ఫీడ్ ఎలా ఇవ్వాలో నర్సు ఒకసారి చూపిస్తారు, అయిపోయింది. ఇది దేనికోసం, ఎన్నాళ్లు, మళ్లీ మింగగలుగుతున్నారో లేదో ఎవరు ఎప్పుడు చూస్తారు అన్న మాటలు ఆ హడావుడిలో రావు. ట్యూబు మీద నాకేం పేచీ లేదు, ఆ మాటలు రాకపోవడం మీదే ఉంది.

ఎందుకంటే ట్యూబు నిజంగా నిలబెట్టే మనుషులు చాలామందే ఉన్నారు. పక్షవాతం వచ్చినవాళ్లలో ఎక్కువమందికి కొన్ని వారాల్లో మింగే శక్తి తిరిగొస్తుంది, అప్పటిదాకా ముక్కులోంచి వేసే రైల్స్ ట్యూబు సరిపోతుంది. నాలుగు నుంచి ఆరు వారాలు దాటేలా ఉంటే పొట్టలోకి నేరుగా పెట్టే పెగ్ గురించి ఆలోచిస్తారు. మరీ తొందరపడీ లాభం లేదు: 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చిన ‘ఫుడ్’ (FOOD) అనే పరిశోధనలో, పక్షవాతం వచ్చిన తొలి రోజుల్లోనే పెగ్ పెట్టినవాళ్లు ముక్కు ట్యూబు వాళ్ల కంటే బాగుపడిందేమీ కనిపించలేదు. కండరాలు క్రమంగా చచ్చుబడిపోయే ఏఎల్‌ఎస్ లాంటి నరాల జబ్బులో లెక్క వేరు, అక్కడ ఊపిరి సామర్థ్యం సగానికి పడిపోకముందే పెగ్ పెట్టించుకోవడం మేలు, ఆలస్యమైతే ఆ చిన్న ప్రొసీజరే ప్రమాదం.

పెగ్ పద్ధతిని మైకేల్ గాడరర్, జెఫ్రీ పాన్‌స్కీ 1980లో ప్రచురించారు. పొట్ట కోసే ఆపరేషన్ లేకుండా ఎండోస్కోపీతో పెట్టే ఈ ట్యూబును మొదట్లో మింగలేని పిల్లల కోసం ఆలోచించారు. పని తేలిక కావడంతో అది మంచాన పడ్డ ముసలివాళ్ల దాకా వెళ్లింది, అసలు చిక్కు అక్కడే మొదలైంది.

జ్ఞాపకశక్తి, ఆలోచన తగ్గిపోయే డిమెన్షియా ముదిరినప్పుడు తిండి మానేయడం జబ్బులో భాగం. ఆ దశలో ట్యూబు పెడితే ఎక్కువ కాలం బతుకుతారనీ, న్యుమోనియా రాదనీ, పడక పుళ్లు తగ్గుతాయనీ అనుకుంటాం, కానీ వీటికి గట్టి ఆధారం లేదు. వృద్ధుల వైద్యం చూసే నిపుణుల సంఘం అమెరికన్ జెరియాట్రిక్స్ సొసైటీ 2014లో ఈ దశలో ట్యూబు వద్దని, ఓపిగ్గా చేత్తో తినిపించమని స్పష్టంగానే చెప్పింది. న్యుమోనియా ఎందుకు ఆగదంటే, ట్యూబు ఉన్నా సొంత ఉమ్మి ఊపిరితిత్తుల్లోకి పోతూనే ఉంటుంది, కడుపులోది పైకి ఎగదన్నుతూనే ఉంటుంది. అయినా పిల్లలు సంతకం పెడతారు. కన్నవాళ్లను ఆకలితో మాడ్చామన్న మాట ఎవరైనా పడగలరా? డాక్టరు వాళ్లకు విడమర్చి చెప్పాల్సింది ఏమిటంటే, చెంచాతో కొంచెం కొంచెం తినిపించడం కూడా ఒక వైద్యమే, దానికి పూటకు అరగంటో గంటో ఒక మనిషి కావాలి. (ఆ మనిషిని పెట్టలేని చోట ట్యూబు ఎవరి వీలు కోసం పెడుతున్నారో కూడా అడగాలి.)

ఇంటికొచ్చాక నడిచే కథ ఫారంలో ఉండదు. ముక్కు ట్యూబు జారి ఊపిరితిత్తుల వైపు పోయిందేమోనని సిరంజితో గాలి ఊది పొట్ట మీద స్టెతస్కోప్ పెట్టి వినడం చాలా చోట్ల ఇప్పటికీ నడుస్తోంది, అది నమ్మదగ్గ పరీక్ష కాదు. లోపలి ద్రవం లాగి పీహెచ్ (ఎంత పుల్లగా, అంటే ఆమ్లంగా ఉందో చెప్పే కొలత) 5.5 లేదా అంతకంటే తక్కువ ఉందో చూడాలి, అనుమానం ఉంటే ఎక్స్‌రే. ఫీడ్ ఇచ్చేటప్పుడూ ఆ తర్వాత కనీసం అరగంట, వీలైతే గంటసేపూ తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తి ఉంచాలి. మెల్లగా కరిగే మాత్రలను నూరి వేస్తే రోజంతా పని చేయాల్సిన డోసు ఒక్కసారే ఎక్కేస్తుంది, ఈ సంగతి కూడా ఎవరో ఒకరు ముందే చెప్పాలి. పెగ్ ఊడిపోతే ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే మూసుకుపోవచ్చు, కాబట్టి రాత్రి రెండింటికి ఎవరికి ఫోన్ చెయ్యాలో తెలిసి ఉండాలి. పీకేసుకుంటున్నారని చేతులు కట్టేయడం అన్నిటికంటే దారుణం, అలా పీకేసుకునే మనిషి మనకేదో చెబుతున్నారేమోనని ఒక్క క్షణమైనా ఆగి చూడం.

ఇక తీసే సంగతి. ట్యూబు పెట్టినప్పుడే మళ్లీ మింగే పరీక్ష ఎప్పుడో తేదీ వేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది. ఆ పరీక్షకు వీడియో ఎక్స్‌రే ఉంది, ముక్కులోంచి సన్నటి కెమెరా పంపి చూసే పద్ధతీ ఉంది. ట్యూబు ఉంటే నోరు కట్టేసుకోవాల్సిందే అన్న నియమమేమీ లేదు, మింగడాన్ని కూడా పరీక్షించే స్పీచ్ థెరపిస్ట్ చూసి సరేనంటే రుచికి రెండు చెంచాలు చాలామందికి ఇవ్వచ్చు. నెలో రెండు నెలలో చూద్దాం, మార్పు లేకపోతే మళ్లీ మాట్లాడుకుందాం అని గడువు పెట్టుకుని మొదలుపెట్టడమూ ఒక మార్గమే. పెట్టాక తీయడం చంపడంతో సమానం కదా అని భయపడే కుటుంబాలకు ఇది మరీ అవసరం, ఆ గడువు సంగతి ముందే అనుకుని ఉంటారు కాబట్టి.

పార్కిన్సన్స్, ఏఎల్‌ఎస్ లాంటి జబ్బుల్లో ఇంకో వెసులుబాటు ఉంది, అడగడానికి మనిషే ఎదురుగా ఉంటారు. మొదటిసారి పొలమారినప్పుడే, ట్యూబు కావాలా, ఏ స్థితి వస్తే వద్దు అని వాళ్లనే అడిగి రాసి పెట్టుకోవాలి. ఎందుకంటే ఆ జబ్బుల్లో మింగడంతో పాటు మాట కూడా పోవచ్చు, అప్పుడు అడగడం కుదరదు.