వంద రాసెయ్యమంటే ఎలా?

హైదరాబాద్‌లో ఒక ఉన్నత పాఠశాల. ఏడో తరగతి అమ్మాయి మరుగుతున్న నీళ్లలో థర్మామీటర్ ముంచింది. పాదరసం 98 డిగ్రీల దగ్గర ఆగింది. ఇంకో నిమిషం కళ్లార్పకుండా చూసింది, కదల్లేదు. ‘‘పుస్తకంలో వంద ఉంది కదమ్మా, వంద రాసెయ్’’ అన్నారు సారు. అమ్మాయి 98 కొట్టేసి 100 వేసింది. పక్కన ఎర్ర సిరాతో రైటు మార్కు పడింది.

థర్మామీటర్ చెడిపోలేదు. సముద్ర మట్టానికి 500 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న హైదరాబాద్‌లో గాలి పీడనం తక్కువ. నీళ్లు సుమారు 98 డిగ్రీలకే మరుగుతాయి. వంద చూడాలంటే విశాఖ బీచ్ రోడ్డులో పొయ్యి పెట్టాలి. ‘మనకు వంద ఎందుకు రాలేదు?’ అని ఆ సారు ఒక్క మాట అడిగి ఉంటే, వాతావరణ పీడనం దగ్గర్నుంచి ఇంట్లో ప్రెషర్ కుక్కర్ దాకా ఆ పీరియడ్‌లోనే పిల్లలకు తెలిసొచ్చేది. తెలిసొచ్చింది మాత్రం వేరు. కళ్లతో చూసింది కాదు, అచ్చులో ఉన్నది రాయాలి.

పోనీ, ఆ అమ్మాయి అదృష్టవంతురాలు. థర్మామీటర్ అయినా ముట్టుకుంది. చాలా బడుల్లో పిల్లలు ప్రయోగం చేయకుండానే రికార్డు రాస్తారు. ఉద్దేశం, కావలసిన పరికరాలు, విధానం, పరిశీలన, నిర్ధారణ, అన్నీ బోర్డు మీంచో గైడులోంచో దిగిపోతాయి. ‘ఆకు మీద అయోడిన్ వేయగా నీలి నలుపు రంగుకు మారడం గమనించాను’ అని రాసిన పిల్లాడు అయోడిన్ సీసా మొహం చూసి ఉండడు. గమనించాను అన్నది అబద్ధం. పన్నెండేళ్ల వాడి చేత బడే ఆ అబద్ధం రాయించి, కింద సంతకం పెట్టి, మార్కులు వేస్తోంది. మా అభ్యంతరం ల్యాబులు లేవని మాత్రమే కాదు. ల్యాబు లేకపోవడం పేదరికం. చూడనిదాన్ని చూసినట్టు రాయించడం పేదరికం కాదు, మోసం.

రెండు రాష్ట్రాల్లో సైన్స్ విద్యా ప్రమాణాల జాబితా తీసి చూడండి. ‘ప్రశ్నించడం, పరికల్పన చేయడం’ అని ఒకటి, ‘ప్రయోగాలు, క్షేత్ర పరిశీలనలు’ అని ఇంకొకటి. కాగితం మీద ఇంత చక్కటి మాటలు వేరే చోట దొరకవు. పరీక్షలో మాత్రం ‘డాక్టరును కలిస్తే ఏ ప్రశ్నలు అడుగుతావు?’ అని వస్తుంది. ఆ ప్రశ్నలు నాలుగూ గైడులో ఉంటాయి. పిల్లలు వాటిని కూడా బట్టీ కొడతారు. జవాబులు బట్టీ పట్టడం మన తరం చేసిందే, ప్రశ్నలు బట్టీ పట్టే రోజులు చూస్తామని అనుకోలేదు.

ఇక ఫిబ్రవరి 28, జాతీయ సైన్స్ దినోత్సవం వస్తోందంటే హడావుడి చెప్పనక్కర్లేదు. విశాఖలో చదువుకున్న సి.వి.రామన్ ఫొటోకు దండ, ముఖ్య అతిథికి శాలువా, బల్లల మీద షాపులో కొన్న థర్మాకోల్ అగ్నిపర్వతాలు. రెడీమేడ్ మోడల్‌కే బహుమతి. పక్కన మట్టితో సొంతంగా చేసుకొచ్చి, పొంగని అగ్నిపర్వతం ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డ పిల్లాడిని ‘ఎందుకు పొంగలేదంటావు?’ అని ఒక్క జడ్జీ అడగరు. సైన్స్ మొదలయ్యేది ఆ ప్రశ్న దగ్గరే కదా!

కేంద్రానిదీ ఇదే తంతు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులకు బడికి 20 లక్షల రూపాయల గ్రాంటు. 2025 బడ్జెట్‌లో అయిదేళ్లలో ఇంకో 50 వేల ల్యాబులు అన్నారు. త్రీడీ ప్రింటర్లు, రోబో కిట్లు రావద్దని మేమనం. కానీ స్ప్రింగ్ త్రాసుతో రాయి బరువు మూడుసార్లు తూచి, మూడు రీడింగులు ఎందుకు తేడాగా వచ్చాయో ఆలోచించని పిల్లాడికి రోబో ఇస్తే అదీ బొమ్మే. తరగతి గదుల్లో పెట్టిన పెద్ద డిజిటల్ తెరల మీద ప్రయోగం వీడియో చూపిస్తున్నామన్నది మరో సమాధానం. వీడియోలో నీళ్లు ఎప్పుడూ వంద దగ్గరే మరుగుతాయి.

సిలబస్ పూర్తికావాలి, ల్యాబ్ అటెండర్లు లేరు, యాసిడ్ ఒలికితే తల్లిదండ్రులకు ఎవరు జవాబు చెబుతారు అని ఉపాధ్యాయులు అనే మాటలో నిజం లేకపోలేదు. అయితే ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకు కావలసిన ప్రయోగాల్లో యాసిడ్ అవసరమైనవి ఎన్ని? పసుపులో సున్నం కలిపితే ఎర్రటి పారాణి అవుతుందని ప్రతి ఇంట్లో తెలుసు. ఆ ఎర్రనీళ్లలో నిమ్మరసం పిండితే ఏమవుతుందో ముందుగా ఊహించి రాయమనండి. తర్వాత పిండి చూడమనండి. మళ్లీ పసుపు రంగే వస్తుంది. మరి చింతపండు పులుసు పోస్తే? సబ్బునీళ్లు పోస్తే? ఉప్పునీళ్లు పోస్తే? పది రూపాయలు కూడా ఖర్చు కాదు. ఊహించడం, పరీక్షించడం, ఊహ తప్పయితే తప్పని రాసుకోవడం, అన్నీ ఒక స్టీలు గిన్నెలో అయిపోతాయి.

ఇవి జరగని పనులని అనేవాళ్లు మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (ఇప్పటి నర్మదాపురం) సంగతి గుర్తు తెచ్చుకోవాలి. 1972లో 16 పల్లె బడుల్లో, సరిగ్గా ఈ మూడు తరగతులకే, ప్రయోగాలతో సైన్స్ చెప్పడం మొదలుపెట్టారు. చవక కిట్లు, పుస్తకం తెరిచి రాసే పరీక్ష, దానికి తోడు ప్రాక్టికల్. అది వందల సర్కారు బడులకు పాకింది. మూడు దశాబ్దాలు నడిచింది. 2002లో ప్రభుత్వమే దానికి తాళం వేసింది. చేతకాక ఆగిపోలేదు, వద్దనుకుని ఆపేశారు.

ఏడో తరగతిలో 98ని 100 చేసిన చెయ్యే ఇంటర్ ప్రాక్టికల్స్‌లో జవాబు ముందు రాసుకుని రీడింగులు వెనక్కి వేసుకుంటుంది. ఇది అతిశయోక్తి అనుకుంటే మీ ఇంట్లో ఇంజినీరింగ్ చదివిన పిల్లల్ని అడగండి, నవ్వుతూ చెబుతారు. ఆ చెయ్యే రేపు భూసార పరీక్ష చేస్తుంది, తాగునీటి శాంపిల్‌కు సర్టిఫికెట్ ఇస్తుంది, వంతెన కాంక్రీటు బలం లెక్క రాస్తుంది. రావలసిన అంకె ఏదో ముందే తెలిసినప్పుడు కొలవడం దేనికి అనే బుద్ధి అక్కడ కొత్తగా పుట్టదు. పౌరులకు శాస్త్రీయ దృక్పథం ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేర్చుకున్నాం. దాన్నీ ఆ రికార్డు పుస్తకంలాగే నీటుగా రాసి అట్ట వేసి పెట్టుకున్నాం.

రెండు రాష్ట్రాల విద్యాశాఖలకూ మేం చెప్పేది సులువైన పనే. వారానికి రెండు వరస పీరియడ్లు ప్రయోగానికి వదలండి. ఫెయిర్ రికార్డు ఎత్తేయండి. గీతలు, కొట్టివేతలు ఉన్న రఫ్ నోట్సుకే మార్కులు వేయండి, 98 వస్తే 98కే వేయండి. తనిఖీకి వెళ్లే ఎంఈఓలు, డీఈఓలు రికార్డుల అట్టలు, అక్షరాలు చూసి మెచ్చుకోవడం ఆపి సైన్స్ బీరువా తాళం అడగాలి. ఆ తాళంచెవి వెతకడానికి బడికి గంట పట్టిందంటే, ఇన్నాళ్లూ పిల్లలు రాసిన ‘గమనించాను’ల కింద సంతకాలు ఎవరివో, తనిఖీ ముద్రలు ఎవరివో అదే కుర్చీలో కూర్చుని చూసుకోవచ్చు.