సూక్ష్మీకరణకు స్థూలకాయం

తిరుపతిలో మా వీధి చివరనున్న ఒక కోచింగ్ సెంటరు వారు పదో తరగతి పిల్లలకు పంచిన త్రికోణమితి సూత్రాల పుస్తకాన్ని, పక్కింటి కుర్రవాడి పుణ్యమా అని, భక్తిశ్రద్ధలతో చదివాను. తీటా అంటే ఒక కోణం; దాని సైన్ స్క్వేర్‌కు, అంటే సైన్ వర్గానికి, కాస్ స్క్వేర్ కలిపితే ఒకటి అన్నది అందులో మొదటి సూత్రం. ఒకటిలోంచి కాస్ స్క్వేర్ తీసేస్తే సైన్ స్క్వేర్ మిగలడం రెండో సూత్రం. సైన్ స్క్వేర్ తీసేస్తే కాస్ స్క్వేర్ మిగలడం మూడోది. ఈ లెక్కన సంగటి, ఊరిబిండి కలిపి వడ్డిస్తే ఒక భోజనం, సంగటి తీసేస్తే రెండో భోజనం, ఊరిబిండి తీసేస్తే మూడో భోజనం.

సెక్, టాన్ జంటకూ, కొసెక్, కాట్ జంటకూ ఇదే మర్యాద జరిపించి మొత్తం తొమ్మిది చేశారు. మొదటిదాన్ని కాస్ స్క్వేర్‌తో భాగిస్తే ఒక జంట, సైన్ స్క్వేర్‌తో భాగిస్తే మరో జంట వాటంతట అవే వస్తాయన్న రహస్యాన్ని మాత్రం ఎక్కడా పొక్కనివ్వలేదు. పొక్కితే మిగతా ఎనిమిదింటికి ఫీజు ఎవరిస్తారు? ఆర్యభటుడు 499లో, 23 ఏళ్ల వయసులో, 24 జ్యా భేదాలను, అంటే ఇప్పటి సైన్ విలువల మధ్య తేడాలను, ఒక్క శ్లోకంలో ఇరికించాడు. పాపం, ఆయనకు వ్యాపారం తెలియదు.

ఆ తొమ్మిదీ నోటికి రావాలని పక్కింటాయన కొడుకును అలిపిరి మెట్ల దారిలో నడిపించాడు. నేనూ వెంట వెళ్లాను. తల్లి మెట్టుమెట్టుకూ పసుపు కుంకుమలు పెడుతుంటే, వెనకనే కుర్రవాడు మెట్టుకొక సూత్రం అప్పజెప్పాడు. మెట్లు 3,550. తొమ్మిదేసి చొప్పున 394 ఆవృత్తులు పోగా నాలుగు మెట్లు మిగిలిపోతాయని, ఆవృత్తి మధ్యలో ఆగితే ఫలం దక్కదేమోనని తండ్రికి ఒకటే బెంగ. గాలిగోపురం దగ్గర వాడు సెక్ అనవలసిన చోట కొసెక్ అన్నందుకు అందరం ఏడు మెట్లు వెనక్కి దిగాం. వెనక వస్తున్న భజన బృందం వారు తీటా అన్న పేరు సహస్రనామాల్లో ఉందో లేదో చూసుకోకుండా, వాడు తీటా అన్నప్పుడల్లా గోవిందా అన్నారు.

మోకాళ్ల పర్వతం దగ్గర వాడు కూలబడి, "నాయనా, కలిపితే ఒకటే ఎందుకొస్తుంది? రెండు ఎందుకు రాకూడదు?" అన్నాడు. "అది పరీక్షలో అడగర్రా, ఎక్కు" అన్నాడు తండ్రి. వాడు కూర్చున్న మెట్టు వెడల్పు ఒక భుజం, ఎత్తు మరో భుజం. అంచు నుంచి అంచుకు పురికొస లాగితే కర్ణం. ఎత్తును కర్ణంతో భాగిస్తే సైన్, వెడల్పును భాగిస్తే కాస్. భుజాల వర్గాల మొత్తం కర్ణం వర్గమే కనుక, దాన్ని కర్ణం వర్గంతో భాగిస్తే వచ్చేదే ఆ ఒకటి. జవాబు మీద కూర్చున్న పిల్లవాణ్ని లేపి నడిపించాం.

తరువాతి వారం సెంటరులో పరీక్ష. సెక్ తీటాలోంచి కాస్ తీటా, కొసెక్ తీటాలోంచి సైన్ తీటా తీసేసి, ఆ రెంటి లబ్ధాన్ని సూక్ష్మీకరించుము అన్నది ప్రశ్న. తీటా స్థానంలో 45 డిగ్రీలు వేసి ఆప్షన్లతో సరిచూడమన్నది వారు నేర్పిన చిట్కా. వేశాడు, అర వచ్చింది. ఆప్షన్లు సైన్ కాస్, సైన్ స్క్వేర్, కాస్ స్క్వేర్, టాన్‌లో సగం. నాలుగూ అరే! లేచి అడిగితే, ప్రశ్న తప్పని చెప్పి, టైము వృథా చేశాడని గంటసేపు గది బయట నిలబెట్టారు.

ప్రశ్నలో తప్పు లేదు. సెక్‌ను ఒకటి బై కాస్‌గా, కొసెక్‌ను ఒకటి బై సైన్‌గా రాస్తే మొదటి భాగం సైన్ స్క్వేర్ బై కాస్, రెండోది కాస్ స్క్వేర్ బై సైన్. గుణిస్తే మిగిలేది సైన్ కాస్. రెండు వరుసల పని. ఆ రెండు వరుసలు నేర్పడం చేతకాని వాళ్లు, ఎందుకని నోరు తెరిచి అడిగిన ఒక్క పిల్లవాణ్ని ఎండలో నిలబెట్టడానికి సిగ్గుపడలేదు. డబ్బు తీసుకుని మరీ చేశారు ఆ పని!

ఈ సోమవారం పుస్తకంలో కొత్త కాగితం అంటించారు: 45 కుదరకపోతే 30 వేయవలెను. దాన్ని పదో సూత్రంగా లెక్కిస్తే 3,550 మెట్లకు సరిగ్గా 355 ఆవృత్తులు వస్తాయట. పక్కింటాయన శనివారానికి మళ్లీ అలిపిరి ప్రయాణం పెట్టుకున్నాడు.