తప్పు మీది కాదని చెప్పే రాత కావాలి

1991 అక్టోబరులో అమెరికా పత్రిక వాల్ స్ట్రీట్ జర్నల్‌లో ఒక కొత్త కాలమ్ మొదలైంది. రాసినాయన వాల్ట్ మాస్‌బర్గ్. ఆయన ఇంజినీరు కాదు, అప్పటిదాకా వాషింగ్టన్‌లో రక్షణ శాఖ చుట్టూ తిరిగి వార్తలు రాసిన విలేకరి. ఆ కాలమ్ మొదటి వాక్యంలోనే ఆయన సంగతి తేల్చేశారు: పర్సనల్ కంప్యూటర్లు వాడటం మరీ కష్టం, అందులో తప్పు మీది కాదు. మెషీన్ మొరాయిస్తే మనకే చేతకాలేదనుకుని జనం బెదిరిపోయే రోజుల్లో, వ్యాపారవర్గాలు చదివే ఒక పెద్ద పత్రిక వాడేవాళ్ల వైపు నిలబడి ఆ మాట అనడం మామూలు విషయం కాదు.

2017లో రిటైరయ్యేదాకా ఆయన ఆ వైపు వదల్లేదు. పెట్టుకున్న నియమాలు కూడా గట్టివే. కంపెనీల నుంచి డబ్బు, బహుమతులు, ఉచితంగా వస్తువులు, వాళ్ల ఖర్చుతో ప్రయాణాలు ఏవీ తీసుకోలేదు, తాను రాసే కంపెనీల షేర్లు ఒక్కటి కూడా ఉంచుకోలేదు. ఇదంతా పాఠకులకు కనబడేలా రాసి పెట్టారు. ఏ ఫోన్ వాడాలో, అందులో ఏముండాలో టెలికాం కంపెనీలే నిర్ణయిస్తున్న కాలంలో వాటిని సోవియట్ మంత్రిత్వ శాఖలతో పోల్చారు. 2007లో మొదటి ఐఫోన్‌ను బజారులోకి రాకముందే చేతికందుకున్న కొద్దిమందిలో ఆయన ఒకరు. బ్రహ్మాండంగా ఉందంటూనే, దాని నెట్‌వర్క్ నత్తనడక నడుస్తోందని కూడా అదే రివ్యూలో రాశారు.

యాపిల్ వ్యవస్థాపకుల్లో ఒకరైన స్టీవ్ జాబ్స్‌తో ఆయనకు మంచి పరిచయం. 1997లో యాపిల్‌కు తిరిగొచ్చిన కొత్తల్లో జాబ్స్ వరసగా కొన్ని ఆదివారాలు రాత్రిపూట మాస్‌బర్గ్ ఇంటికే ఫోన్ చేసి మాట్లాడేవారు. అంత చనువు ఉన్నవాళ్లకు ఘాటుగా రాయడం కష్టం. కానీ 2008లో యాపిల్ మొబైల్‌మీ అనే ఆన్‌లైన్ ఈమెయిల్, కాంటాక్టుల సర్వీసు తెచ్చినప్పుడు, అది లోపాలమయం, నమ్ముకోవడానికి పనికిరాదని మాస్‌బర్గ్ రాసేశారు. జాబ్స్ ఆ టీమ్ మొత్తాన్ని ఆడిటోరియంలో కూర్చోబెట్టి, మన స్నేహితుడు మాస్‌బర్గ్ కూడా మన గురించి మంచి రాయడం మానేశాడని చివాట్లు పెట్టారని తర్వాత ఫార్చ్యూన్ పత్రిక రాసింది. ఒక విలేకరి రాతకు ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఏం కావాలి?

ఆయన పనిలో మాకు మింగుడుపడని సంగతి ఒకటుంది. 2003 నుంచి ఆయన, తోటి టెక్నాలజీ విలేకరి కారా స్విషర్ కలిసి తాము రాసే కంపెనీల పెద్దలనే వేదిక ఎక్కించి, టికెట్లు పెట్టి సదస్సులు నడిపారు. పత్రికారచనకు అది ఇబ్బందికరమైన ఏర్పాటే. కాకపోతే ఆ వేదిక మీద అడగాల్సినవి అడిగారు. 2010లో ఫేస్‌బుక్ ప్రైవసీ మీద ఇద్దరూ వదలకుండా ప్రశ్నలు వేస్తుంటే ఆ కంపెనీ అధిపతి మార్క్ జుకర్‌బర్గ్‌కు చెమటలు కారిపోయి, చివరికి వేసుకున్న హుడీ విప్పాల్సి వచ్చింది. ఆ తర్వాత 2018 డిసెంబరులో, ఆ కంపెనీ పద్ధతులు తన విలువలకు సరిపడటం లేదంటూ మాస్‌బర్గ్ తన ఫేస్‌బుక్ ఖాతాకే సెలవు చెప్పారు.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఇలాంటి రాత లేక తెలుగువాళ్లం చాలా పోగొట్టుకున్నాం. మన దగ్గర టెక్నాలజీ పేజీ అంటే కొత్త ఫోన్ వచ్చింది, కెమెరా ఇన్ని మెగాపిక్సెళ్లు, ధర ఇంత, అంతే. 2020లో లాక్‌డౌన్‌తో చేతిలో డబ్బాడక జనం ఫోన్‌లో లోన్ యాప్‌లు పెట్టుకున్నారు. కాంటాక్టులు, ఫొటోలు చూడటానికి అనుమతి ఇవ్వాలని యాప్ అడిగితే, నొక్కితే తప్ప ముందుకు పోదు కాబట్టి నొక్కేశారు. వాయిదా ఒక్కరోజు తప్పితే చాలు, చుట్టాలకు, ఆఫీసు వాళ్లకు ఫోన్లు, మార్ఫింగ్ ఫొటోలు, బూతులు. తెలంగాణలో, తర్వాత ఆంధ్రప్రదేశ్‌లోనూ ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. డిసెంబరులో హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేశాక అసలు కథ బయటపడింది, అప్పుడు కూడా అది క్రైమ్ పేజీలోనే వచ్చింది. అప్పు ఇచ్చేవాడికి మన కాంటాక్టులతో పనేంటి అని ముందే అడిగి, ఆ స్క్రీన్‌ను బొమ్మ వేసి మరీ చూపించే కాలమ్ వారం వారం ఉండుంటే కొన్ని ఇళ్లలోనైనా అనుమతి నొక్కే వేలు ఆగేది. లోన్ యాప్‌లు కాంటాక్టుల జోలికి, ఫైళ్ల జోలికి పోకూడదని రిజర్వ్ బ్యాంకు మార్గదర్శకాలు వచ్చేసరికి 2022 సెప్టెంబరు అయింది.

ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక ఐటీ ఉద్యోగి ఉన్నాడని గర్వపడే సమాజం మనది. అయినా ఇంట్లో అమ్మకు యూపీఐలో పొరపాటున వేరేవాళ్లకు వెళ్లిన డబ్బు ఎలా వెనక్కి తెచ్చుకోవాలో చెప్పే రాత తెలుగులో వెతుక్కోవాల్సి వస్తోంది. పత్రికల యాజమాన్యాలు టెక్నాలజీ విలేకరి అన్న ఉద్యోగాన్ని ఉద్యోగంగా గుర్తించాలి, వాళ్లకు జీతమివ్వాలి, కంపెనీల ఖర్చుతో లాంచ్‌లకు పంపడం మానాలి. రివ్యూకి వచ్చిన ఫోన్ తిరిగి ఇచ్చేశారో లేదో ఆ రివ్యూ కిందే అచ్చు వేయాలి. జర్నలిజం కళాశాలలు కోర్టు వార్త, అసెంబ్లీ వార్త రాయడం నేర్పినట్టే ప్రైవసీ పాలసీ చదివి జనానికి అర్థమయ్యేలా రాయడం కూడా నేర్పాలి.

ఈ వారం కూడా ఎవరో ఒక రిటైర్డ్ టీచరుకు పోలీసు యూనిఫాంలో వీడియో కాల్ వస్తుంది, డిజిటల్ అరెస్ట్ అంటారు, గది దాటొద్దంటారు, పెన్షన్ డబ్బు పంపమంటారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేనే లేదనీ, కాల్ కట్ చేసి వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలనీ ఆయనకు ముందుగా తెలియాలి, తెలుగులో, ఆయన రోజూ చదివే పేపర్లో.