టెక్సస్‌లో అబార్షన్: చట్టం కన్నా ముందు తరుముతున్నది క్యాలెండర్

1973 నుంచి అమెరికా అంతటా ఉన్న అబార్షన్ హక్కును సుప్రీంకోర్టు 2022 జూన్ 24న డాబ్స్ తీర్పుతో తీసేసి, వ్యవహారాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. మనవాళ్లు బాగా స్థిరపడిన టెక్సస్‌లో దాదాపు పూర్తి నిషేధం. చేసిన డాక్టరుకు యావజ్జీవం దాకా శిక్ష పడొచ్చు. చేయించుకున్న మహిళకు మాత్రం ఆ చట్టంలో శిక్ష లేదు. భయంలో ఈ రెండో సంగతి మరుగున పడుతోంది.

ఫ్లోరిడాలో ఆరు వారాల వెసులుబాటు ఉందంటారు. నిజానికి అది కంటితుడుపే. వారాల లెక్క మొదలయ్యేది ఆఖరి బహిష్టు మొదటి రోజు నుంచి. నెలనెలా 28 రోజులకు ఠంచనుగా వచ్చేవాళ్లకు కూడా నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు గడిచిపోతాయి. మిగిలిన పధ్నాలుగు రోజుల్లోనే టెస్టు, అపాయింట్‌మెంటు, 24 గంటల తేడాతో క్లినిక్‌కి రెండుసార్లు వెళ్లడం. పీసీఓడీ ఉండి బహిష్టు ఎప్పుడొస్తుందో తెలియనివాళ్లకు ఆ గడువు ఉన్నా లేనట్టే.

టెక్సస్‌కు పక్కనున్న ఓక్లహోమా, ఆర్కన్సా, లూసియానాల్లోనూ నిషేధమే. డాలస్ నుంచి, అబార్షన్‌కు అనుమతి ఉన్న కాన్సస్‌లోని విచిటా సుమారు 580 కిలోమీటర్లు. కారులో ఐదున్నర గంటలు. పెట్రోలు, హోటలు, పోయిన జీతం, ఇంట్లో పిల్లల్ని చూసుకునే మనిషి: అబార్షన్ ఖర్చులకు సాయం చేసే నిధుల మీద ఇప్పుడు ఈ బరువంతా పడింది. అబార్షన్‌కు ఫెడరల్ సొమ్ము వాడనివ్వని హైడ్ సవరణ పుణ్యమా అని, పేదల ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికెయిడ్ నుంచి ఆ సొమ్ము కొన్ని మినహాయింపులు తప్ప హక్కు ఉన్న రోజుల్లోనూ అందలేదు, అది వేరే కథ. ఆలస్యమే అసలు ఖర్చు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఆమోదం ప్రకారం అబార్షన్ మాత్రలు (మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాములు, 24–48 గంటల తర్వాత బుగ్గలో మిసోప్రోస్టాల్ 800 మైక్రోగ్రాములు) పది వారాల దాకానే. అది దాటితే క్లినిక్‌లో ప్రొసీజర్, ఇంకా పెద్ద బిల్లు. కాబట్టి నిధులిచ్చేవాళ్లు దరఖాస్తుల పరిశీలనను రోజుల్లో కాదు, గంటల్లో తేల్చాలి.

‘ఇండియా వెళ్లి చేయించుకుంటే పోలా?’ అనేవాళ్లూ ఉన్నారు. ఇండియాలో 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయం చాలు, నిజమే. కానీ పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు తీరి ఉంటే తిరుగు ప్రయాణం కాన్సులేట్ అపాయింట్‌మెంటు చేతిలో ఉంటుంది. విచిటా వెళ్లిరావడానికి స్టాంపింగ్ అక్కర్లేదు.

ఎవరి నిర్ణయం ఏదైనా, వరుసగా రెండు గంటల పాటు గంటకు రెండు పెద్ద ప్యాడ్లు తడిసిపోతున్నా, కడుపులో ఒకవైపు పోటు, భుజం నొప్పి, కళ్లు తిరగడం ఉన్నా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. గర్భసంచి బయట ట్యూబులో నిలిచిన గర్భానికి ఈ మాత్రలు పనిచేయవు. దానికి చేసే చికిత్సను టెక్సస్ చట్టం కూడా అబార్షన్ అనదు.