కళింగపట్నం ఇసుకలో యురేనియం ఎంత?

తుఫాను వెళ్లిన మర్నాడు శ్రీకాకుళం జిల్లా కళింగపట్నం తీరంలో ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి. అక్కడక్కడ ఎర్రగానూ ఉంటాయి. నలుపు ఇల్మనైట్ అనే ఖనిజానిది, ఎరుపు గార్నెట్ అనే ఖనిజానిది. వాటిలో కలిసిపోయి తేనె రంగు రేణువులు కొన్ని ఉంటాయి. అది మోనజైట్, రేడియేషన్ వెదజల్లే థోరియం, కాస్త యురేనియం ఉండే ఖనిజం. "మన ఇసుకలో యురేనియం ఉందట" అనే మాటకు మూలం ఇదే.

మాట అబద్ధం కాదు గానీ లెక్క వేరు. మన దేశపు మోనజైట్‌లో థోరియం ఆక్సైడ్ 9 శాతం దాకా ఉంటే, యురేనియం ఆక్సైడ్ 0.35 శాతమే. యురేనియం గని చూడాలంటే కడప జిల్లా తుమ్మలపల్లి వెళ్లాలి. ఇదే జిల్లా కొవ్వాడలో తలపెట్టిన అణు విద్యుత్ కేంద్రానికీ ఈ ఇసుకకూ ముడిపెట్టేవాళ్లున్నారు. ఆ రియాక్టర్లకు కావలసింది శుద్ధి చేసిన యురేనియం, ఈ ఇసుక కాదు.

తూర్పు కనుమల రాళ్లు అరిగి, వంశధార, నాగావళి వెంట సముద్రానికి చేరాయి. మోనజైట్ మామూలు ఇసుక కంటే దాదాపు రెట్టింపు బరువు. చేటతో చెరిగినట్టు అల తేలికైనదాన్ని లాక్కుపోయి బరువైనదాన్ని ఒడ్డున వదిలేస్తుంది. అలా మోనజైట్ నిల్వల్లో దేశంలోనే మన రాష్ట్రం ముందుంది. అంచనా 37 లక్షల టన్నులకు పైనే. విద్యుత్ వాహనాల మోటార్లలోని అయస్కాంతాలకు కావలసిన నియోడిమియం కూడా ఇందులోనే ఉంది. ఢిల్లీకి ఈ తీరం మీద ఆసక్తి అందుకే. 2019లో నిబంధన మార్చి, మోనజైట్ ఉన్న తీర ఇసుక తవ్వకాన్ని ప్రభుత్వ సంస్థలకే పరిమితం చేశారు.

ఇసుకలో పలచగా ఉన్నప్పటి మోనజైట్ గురించి నాకు పెద్ద టెన్షన్ లేదు. తవ్విన ఇసుకలోంచి ఇల్మనైట్, గార్నెట్ తీసేశాక మిగిలిన దానిలో అది చిక్కబడుతుంది. భయపడితే ఆ కుప్పకు భయపడాలి. దాన్ని ఎక్కడ పోస్తారు, పైన ఎన్ని అడుగుల ఇసుక కప్పుతారు, రేడియేషన్ కొలిచి ఆ అంకెలు పంచాయతీ ఆఫీసు గోడకు అంటిస్తారా? తవ్వకాలపై ప్రజాభిప్రాయ సేకరణ పెడితే అడగాల్సినవి ఇవి. సరుగుడు తోటలు, ఇసుక దిబ్బలు పోతే ఉప్పునీరు బావుల్లోకి రాదా అన్నది ఇంకో ప్రశ్న. రేడియేషన్ గోలలో అది ఎవరికీ వినపడటం లేదు.

ఇచ్ఛాపురం దాటి ఒడిశాలోని గంజాం జిల్లా ఛత్రపూర్ వెళ్తే, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్‌ఈఎల్ 1980ల నుంచి ఇలాంటి ఇసుకనే వేరు చేస్తోంది. గార, సంతబొమ్మాళి మండలాల పెద్దలు ఒకసారి వెళ్లి, తవ్వి పూడ్చిన నేల ఎలా ఉందో, చుట్టుపక్కల బావుల్లో నీళ్లు ఏ రుచిగా ఉన్నాయో చూసి రావచ్చు. ఒక పూట ప్రయాణం, బస్సు ఖర్చులు.