ఎస్టీమ్‌కి స్విఫ్ట్ డిస్కులు వేస్తే స్విఫ్ట్ అల్లాయ్‌లు ఎక్కుతాయా?

బెజవాడ, గుంటూరు ఆటోనగర్ల చుట్టూ తిరిగే పాత కార్ల ప్రియుల ఫోన్లలో ఒక చిట్కా తెగ తిరుగుతోంది. ‘మారుతి ఎస్టీమ్ పీసీడీ (చక్రం బిగించే నాలుగు బోల్టుల వలయం వ్యాసం, మి.మీ.లో) 4×114.3, 2005 నాటి స్విఫ్ట్‌ది 4×100. స్క్రాప్‌లో స్విఫ్ట్ డిస్కులు, కాలిపర్లు, వెనక డ్రమ్ములు కొని మార్చేయండి. ఒక పూట పని. స్విఫ్ట్ అల్లాయ్‌లు ఎక్కుతాయి, బ్రేకూ పెరుగుతుంది. సామాను దొరక్కపోతే పాతవాటికే కొత్త బెజ్జాలు వేయించండి’ అని. పీసీడీ అంకెల వరకు సరే. చిక్కంతా ఆ తర్వాత చెప్పినదానిలోనే ఉంది.

‘డిస్కు మారిస్తే పీసీడీ మారుతుంది.’ ముందు చక్రాలకు మారదు. స్టడ్లు (చక్రం నట్లు ఎక్కే మర బోల్టులు) ఉండేది హబ్ ఫ్లాంజ్‌లో, అంటే చక్రాన్ని మోసే ఇరుసు తలకున్న పళ్లెం లాంటి అంచులో. డిస్కుకు స్టడ్లు దూరే బెజ్జాలు మాత్రమే ఉంటాయి. కాబట్టి మార్చాల్సింది హబ్. దాని లోపలి స్ప్లైన్ పళ్ల లెక్క, వ్యాసం యాక్సిల్ కొసతో కలవాలి. హబ్ మెడ బేరింగ్‌లో ప్రెస్ ఫిట్‌గా కూర్చోవాలి. ఇవి కలవకపోతే నకిల్‌తో (హబ్‌ను పట్టుకుని స్టీరింగ్‌తో పాటు తిరిగే భాగం) సహా మార్చాలి, అక్కడి నుంచి పని చేయి దాటిపోతుంది: స్ట్రట్ (షాక్ అబ్సార్బర్) బోల్టుల మధ్య దూరం, బాల్ జాయింట్ పిన్ను, టై రాడ్ ఎండ్ టేపర్, స్టీరింగ్ ఆర్మ్ పొడవు అన్నీ కలవాలి. ఆర్మ్ పొడవో ఎత్తో తేడా వస్తే గుంటలో పడ్డప్పుడల్లా స్టీరింగ్ ఓ పక్కకు లాగుతుంది. మామూలు వీల్ అలైన్‌మెంట్‌లో ఇది బయటపడదు, ఎందుకంటే అక్కడ కొలిచేది కదలకుండా నిలబడ్డ బండిని.

వెనక మాత్రం మాటలో సగం నిజముంది. చిన్న కార్లు చాలావాటిలో వెనక డ్రమ్ము, హబ్ ఒకటే పోత. బేరింగులు లోపలే, స్టడ్లు దానిలోనే. డ్రమ్ము మారితే పీసీడీ మారినట్టే. కానీ బేరింగు లోపలి వ్యాసం ఎస్టీమ్ స్పిండిల్‌కు సరిపోవాలి, ఆయిల్ సీలు సరైన చోట ఆనాలి, డ్రమ్ము లోపలి వ్యాసం షూలకు కుదరాలి. వెర్నియర్ (సన్న కొలతల పరికరం) లేకుండా స్క్రాప్ షాపుకి వెళ్లకండి. పక్కపక్క స్టడ్ల కేంద్రాల మధ్య దూరం 70.7 మి.మీ. ఉంటే 4×100, 80.8 ఉంటే 4×114.3.

‘కొత్త బెజ్జాలు వేస్తే చాలు.’ ఇది అన్నిటికంటే ప్రమాదకరమైన సలహా. కేంద్రం నుంచి ఒక పీసీడీకి స్టడ్డు 50 మి.మీ., రెండోదానికి 57.15 మి.మీ. దూరంలో ఉంటుంది. తేడా 7.15. స్టడ్డు లావే 12. పాత బెజ్జం పక్కనే కొత్తది వేస్తే రెండూ కలిసిపోతాయి. 45 డిగ్రీలు తిప్పి మధ్యలో వేయాలి. ఫ్లాంజ్ నిండు గుండ్రంగా కాకుండా స్టడ్ల మధ్య లోపలికి కోసినట్టు ఉంటే అక్కడ ఇనుమే ఉండదు. ఇనుము ఉన్నా, చేతి డ్రిల్లుతో అర మిల్లీమీటరు పక్కకు పోతే చక్రం కేంద్రం తప్పుతుంది. స్టడ్డు మెడ మీది గాట్లు బెజ్జాన్ని గట్టిగా కరుచుకోవాలి. బెజ్జం వదులైతే నట్టు విప్పేటప్పుడు స్టడ్డూ దాంతోపాటే తిరుగుతుంది. పాత బెజ్జాలను వెల్డింగుతో పూడ్చడమా? డ్రమ్ము పోత ఇనుము, వెల్డు పక్కనే చిట్లుతుంది.

‘బ్రేకు పెరుగుతుంది.’ లెక్క చూద్దాం. కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కేది) పిస్టన్ 48 నుంచి 51 మి.మీ. అయితే వైశాల్యం దాదాపు 13 శాతం పెరుగుతుంది. మాస్టర్ సిలిండర్ పాతదే కాబట్టి పెడల్ అంత ఎక్కువ లోపలికి పోతుంది. వెనక వీల్ సిలిండర్ (డ్రమ్ములో షూలను తోసేది) 17.46 నుంచి 19.05 మి.మీ. అయితే షూల మీద ఒత్తిడి 19 శాతం పెరుగుతుంది. తడిసిన జాతీయ రహదారి మీద గట్టిగా తొక్కితే వెనక చక్రాలు ముందే లాకై బండి అడ్డం తిరుగుతుంది. పైగా 175/70 ఆర్13 బదులు 185/70 ఆర్14 టైరు వేస్తే ఎత్తు 575 నుంచి 615 మి.మీ. అవుతుంది. డిస్కు దగ్గర పట్టు అంతే ఉన్నా రోడ్డు దగ్గర బలం ఆరేడు శాతం తగ్గుతుంది. స్పీడోమీటరు వంద చూపిస్తుంటే బండి 107 మీద ఉంటుంది.

‘నాలుగు నట్లూ ఎక్కితే అయిపోయినట్టే.’ కాదు. స్విఫ్ట్ చక్రం సెంటర్ బోర్ (మధ్య బెజ్జం) 54.1 మి.మీ.; హబ్ ముక్కు అంతకన్నా లావైతే చక్రం ఆనదు, సన్నమైతే ఆ ఖాళీ నింపే హబ్ రింగు వేయాలి. మారుతి స్టడ్లు ఎం12×1.25, అంటే లావు 12 మి.మీ., మర మరకీ దూరం 1.25 మి.మీ. శాంత్రో, సిటీ హబ్ తెస్తే 1.5 మరలు వస్తాయి. పాత నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అక్కడ ఎయిర్ గన్ను పెడితే మర పోయినట్టే.

హబ్‌కీ చక్రానికీ మధ్య వేసి పీసీడీ మార్చే అడాప్టర్ ప్లేటు వేరే దారి. 25 మి.మీ. ప్లేటు వేస్తే 45 ఆఫ్‌సెట్ (చక్రం మధ్యగీత నుంచి హబ్‌కు ఆనే ముఖం దూరం, మి.మీ.లో) చక్రం 20 అయినట్టు బయటికొస్తుంది. ఫెండరు రాసుకుంటుంది, బేరింగు మీద భారం పెరుగుతుంది. అసలు 4×114.3లోనే 13 అంగుళాల అల్లాయ్‌లు వెతికితే పై గొడవలేవీ లేవు. బిగించేటప్పుడు జాకీ దించాక ఎదురెదురు నట్లను టార్క్ రెంచితో మాన్యువల్ చెప్పినంత బిగించి, వంద కిలోమీటర్ల లోపు మళ్లీ చూడండి.